చూపు కదిలితేనే రంగు నిలుస్తుంది

ఒక తెల్ల కాగితం తెచ్చుకోండి పిల్లలూ. దాని మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు పెట్టండి. కుంకుమని కాస్త తడిపి పెడితే చక్కగా అంటుకుంటుంది. బొట్టు నడిమధ్య పెన్నుతో ఒక నల్లచుక్క పెట్టి, కాగితాన్ని మంచి వెలుతురులో ఉంచి, ఆ చుక్క మీదే చూపు నిలపండి. తల కదపకూడదు. చూపు పక్కకి పోకూడదు. రెప్పలు వేసుకోవచ్చు, ఫరవాలేదు. మనసులో ముప్పై దాకా నిదానంగా లెక్కపెట్టి, చటుక్కున ఖాళీగా ఉన్న తెల్లగోడ వైపు చూడండి.

గోడ మీద ఆకుపచ్చా నీలమూ కలిసినట్టుండే లేత మచ్చ ఒకటి తేలుతుంది. మీరు కుడికి చూస్తే అదీ కుడికి పోతుంది. పైకి చూస్తే పైకప్పు మీదికెక్కుతుంది. రెప్పలార్పితే కాస్త తేటపడి, మళ్ళీ మసకబారి, చివరికి మాయమవుతుంది. అది గోడ మీద ఉన్న మచ్చ అయితే మీ చూపుతో పాటు ఎందుకు తిరుగుతుంది? అది మీ కంట్లో ఉంది. సైన్సు పుస్తకాల్లో దీన్ని ఆఫ్టర్ ఇమేజ్ అంటారు. మనం చూపుముద్ర అనుకుందాం.

ఇది చాలామందికి తెలిసిన ఆటే. నేను చూపించాలనుకున్నది దీని తరవాతిది. అదే బొట్టుని మళ్ళీ అలాగే చూడండి. ఈసారి గోడ సంగతి మరిచిపోయి, చూస్తున్నంతసేపూ బొట్టుకి ఏమవుతోందో గమనించండి. మొదట నిగనిగలాడిన ఎరుపు కొంచెం కొంచెంగా కళ తప్పుతుంది. బొట్టు అంచున, కాగితం తెలుపు మీద, సన్నగా పచ్చటి మెరుపు ఒకటి కనపడుతుంది. అది ఒకచోట ఉండదు. ఒకసారి ఎడమ అంచున, ఒకసారి కింది అంచున, మళ్ళీ పైన, అలా దోబూచులాడుతుంది.

"నేను చూపు కదపలేదు తాతయ్యా, ఒట్టు" అంటుంది మా మనవరాలు. నిజమేనమ్మా, నువ్వు కదపలేదు. నీ కన్నే కదిలింది. బొట్టు మీద పడ్డ చూపుముద్ర కంటితో పాటు వెంట్రుకవాసి పక్కకి జరిగి, అంచు దాటి తెల్ల కాగితం మీద కనపడింది. ఆ పచ్చటి అంచు నీ కన్ను నీకు చెప్పకుండా కదులుతోందనడానికి సాక్ష్యం. ఇవాళ్టి కబుర్లన్నీ ఆ కదలిక గురించే.

ముందు కంటి లోపల ఏముందో నాలుగు ముక్కల్లో చెబుతాను. కనుగుడ్డు వెనక గోడని అంటిపెట్టుకుని రెటీనా అనే పల్చని పొర ఉంది. అందులో చీకట్లో పనికొచ్చే రాడ్‌లు, పగటి వెలుతురులో రంగులు చూసే కోన్‌లు ఉంటాయి. స్కూలు పుస్తకాల్లో దండ కణాలు, శంకు కణాలు అని చదువుకుంటారు. ఒక్కో కంట్లో కోన్‌లు 60 లక్షల దాకా ఉంటాయి. అవి మూడు రకాలు: పొడుగు అలల కాంతికి ఎక్కువ స్పందించేవి, మధ్యరకం అలలకి స్పందించేవి, పొట్టి అలలకి, అంటే నీలం వైపు కాంతికి స్పందించేవి. కుంకుమ నుంచి వచ్చేది ఎక్కువగా పొడుగు అలల కాంతి. అది ఒకేచోట పడుతూ ఉంటే అక్కడి పొడుగు అలల కోన్‌లు ఆ కాంతికి అలవాటుపడి స్పందన తగ్గించుకుంటాయి. తరవాత తెల్లగోడ నుంచి అన్ని రకాల కాంతీ సమానంగా వచ్చినా, ఆ చోట ఎరుపు తరఫున పలికేవాళ్ళు తక్కువ. మిగతా రెండు రకాలదే పైచెయ్యి. అందుకే పచ్చ నీలం మచ్చ.

దేవుడి గదిలో అగరొత్తి వెలుగుతుంటే గుమ్మంలో అడుగుపెట్టగానే ఘుమ్మని వాసన వస్తుంది కదా. అక్కడే కూర్చుంటే కాసేపటికి వాసనే తెలియదు. ఒకసారి వీధిలోకి వెళ్ళి తిరిగొస్తే మళ్ళీ ఘుమ్మంటుంది. కంటిది కూడా అదే స్వభావం. మారకుండా ఉన్నదాన్ని అది పట్టించుకోవడం మానేస్తుంది. అయితే వీధిలోకి వెళ్ళి తిరిగొచ్చే పనిని కన్ను మన ప్రమేయం లేకుండా, ప్రతి క్షణం, తనంతట తనే చేసుకుంటూ ఉంటుంది.

ఎలా చేస్తుందో చూడండి. ఒక చుక్క మీద చూపు నిలిపానని మీరనుకున్నప్పుడు కూడా కన్ను నెమ్మదిగా ఒక పక్కకి జారుతూ ఉంటుంది. సెకనుకి ఒకటి రెండుసార్లు చిన్న గెంతు గెంతుతుంది. దీని పేరు మైక్రోసకేడ్. వీటికి తోడు చాలా సన్నని, చాలా వేగమైన వణుకు ఒకటుంది. దాని నిడివి ఒక కోన్ కణం వెడల్పుకి అటూఇటుగా ఉంటుంది. ఇదంతా కన్ను ఊరికే ఉన్నప్పుడు. మామూలుగా చదువుతున్నప్పుడో, ఎవరి ముఖమో చూస్తున్నప్పుడో అయితే సెకనుకి మూడుసార్ల దాకా పెద్ద గెంతులు వేస్తుంది.

ఈ కదలికల గురించి ఎవరికీ సరిగా తెలియని రోజుల్లోనే, 1804లో, ట్రాక్స్లర్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు ఒక చిత్రం గమనించాడు. చూపు ఒకచోట గట్టిగా నిలిపితే, పక్కన ఉన్న మసక వస్తువులు కనపడకుండా పోతున్నాయి. ఇదీ ఇంట్లో చేసి చూడవచ్చు. తెల్ల కాగితం మీద చిటికెడు పసుపు వేసి, అంచులు తెలియకుండా దూదితో చుట్టూ పలచగా అద్దండి. దానికి జానెడు దూరంలో ఒక నల్లచుక్క పెట్టి ఆ చుక్కనే చూస్తూ ఉండండి. కాసేపటికి పసుపు కరిగి కాగితంలో కలిసిపోతుంది. చూపు అటూ ఇటూ ఆడించండి, పసుపు ఎక్కడున్నది అక్కడే ప్రత్యక్షమవుతుంది. అదే పసుపుని కత్తిరించినట్టు పదునైన అంచుతో పెడితే అంత తొందరగా మాయం కాదు. మసక అంచు మీద కన్ను చేసే చిన్న కదలికల వల్ల కోన్‌లకి పెద్ద తేడా తెలియదు. పదును అంచు అయితే వెంట్రుకవాసి కదిలినా ఒక కోన్ మీద పసుపు పోయి తెలుపు వచ్చి పడుతుంది. దాంతో అది మళ్ళీ మేలుకుంటుంది.

ఇందులో ఇంకొక సంగతి ఉంది, జాగ్రత్తగా చూడండి. పసుపు మాయమైనప్పుడు అక్కడ నల్లటి గొయ్యి కనపడదు, బూడిదరంగు ఖాళీ కనపడదు. తెల్ల కాగితమే కనపడుతుంది. చుట్టూ ఉన్న తెలుపుని మెదడు ఆ చోటుకి పరిచేసిందన్నమాట. నాకు మాత్రం ఇది చూపుముద్రల కన్నా ఎంతో లోతైన విషయంగా అనిపిస్తుంది.

దీని అంతు తేల్చాలంటే కంటి కదలికని పూర్తిగా రద్దు చేసి చూడాలి. కన్నుని కట్టేయడం ఎలాగూ కుదరదు. బొమ్మనే కంటితో పాటు కదిలిస్తే సరి. 1950ల మొదట్లో ఇంగ్లండులో డిచ్‌బర్న్, అమెరికాలో రిగ్స్, రాట్లిఫ్ అనే శాస్త్రజ్ఞులు కంటికి అతికినట్టుండే కాంటాక్ట్ లెన్సుకి చిన్న అద్దం అమర్చి, కన్ను ఎటు కదిలితే బొమ్మ అటే కదిలే ఏర్పాటు చేశారు. మాస్కోలో యార్బస్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. కంటికి మత్తు చుక్కలు వేసి, చిన్న రబ్బరు గిన్నెలాంటి పరికరాన్ని నేరుగా కనుగుడ్డుకి అంటించాడు. ఆయన పుస్తకం 1965లో రష్యన్‌లో వచ్చింది, రెండేళ్ళకి ఇంగ్లీషులోకి వెళ్ళింది. ఇప్పటికీ కంటి కదలికలు చదివేవాళ్ళు ముందు తెరిచేది ఆ పుస్తకాన్నే.

అందరికీ ఒకటే కనపడింది. రెటీనా మీద కదలకుండా నిలిచిన బొమ్మ కొద్ది సెకన్లలో చెరిగిపోతుంది. ఎరుపు, పచ్చ, నీలం ఏదైనా సరే, ఎంత గాఢమైన రంగైనా సరే. కాంతి పడుతూనే ఉంటుంది, కన్ను తెరిచే ఉంటుంది, కాని చూపు ఉండదు.

1963లో జాన్ క్రాస్కాఫ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చేసిన ప్రయోగం ఇంకా చక్కటిది. లోపల ఎర్రదనం గల గుండ్రటి బిళ్ళ, దాని చుట్టూ ఆకుపచ్చ వలయం. లోపలి బిళ్ళ అంచుని మాత్రం కంటితో పాటు కదిలేట్టు చేశాడు. బయటి వలయం అంచు మామూలుగానే ఉంది. చూస్తున్నవాళ్ళకి కాసేపట్లో లోపలి అంచు మాయమైంది. దాంతో ఎరుపు కూడా పోయింది. మొత్తం ఒకే పెద్ద ఆకుపచ్చ బిళ్ళగా కనపడింది. ఆలోచించండి. నడిమధ్య కోన్‌ల మీద ఎర్ర కాంతి తగ్గకుండా పడుతూనే ఉంది, మనిషి మాత్రం పచ్చ అంటున్నాడు. అంటే మెదడు ఒక చోటి రంగుని ఆ చోట పడ్డ కాంతిని బట్టి మాత్రమే నిర్ణయించడం లేదు. అంచు దగ్గర ఎంత తేడా వచ్చిందో చూసుకుని, అంచులోపలంతా ఆ లెక్కతో రంగు పరుస్తోంది. ఆ తేడా తెలియాలంటే కన్ను అంచుని అటూ ఇటూ దాటుతూ ఉండాలి.

మనందరి కళ్ళలోనూ పుట్టినప్పటి నుంచి ఇలా చెరిగిపోయిన బొమ్మ ఒకటుంది. రెటీనాకి రక్తం అందించే సన్నని నాళాలు కోన్‌లకి ముందు వైపే, అంటే వెలుతురు వచ్చే దారిలోనే పరుచుకుని ఉంటాయి. వాటి నీడలు ఎప్పుడూ అవే కోన్‌ల మీద పడతాయి, కంటితో పాటే కదులుతాయి. అందుకే మనకి కనపడవు. కంటి డాక్టరు సన్నని దీపం కంట్లోకి వేసి ఆడించినప్పుడు ఎండు కొమ్మలున్న చెట్టు లాంటిది ఒకటి మెరిసి మాయమవుతుంది. అది మీ రక్తనాళాల నీడే. దీపం పక్కకి జరిగింది కనుక నీడ కొత్త కోన్‌ల మీద పడింది. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే రెండు వందల ఏళ్ళ కిందటే దీన్ని వర్ణించాడు. దళసరి కాగితానికి సూదితో బెజ్జం చేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని, సూర్యుడు లేని వైపు ఆకాశాన్ని చూస్తూ కాగితాన్ని సన్నగా, వేగంగా ఆడించండి. మీ చెట్టు మీకే కనపడుతుంది. చెయ్యి ఆపారా, చెట్టు పోయింది.

రెండు రంగుల మధ్య అంచుని పోగొడితే ఏమవుతుందని 1983లో కాలిఫోర్నియాలో హ్యూయిట్ క్రేన్, థామస్ పియాంటనిడా అనే ఇద్దరు చూశారు. ఎరుపూ పచ్చా పక్కపక్కన ఉన్న తెరని కంటి కదలికలకి తగ్గట్టు కదిలించి, మధ్య అంచుని నిలకడ చేశారు. చూసినవాళ్ళలో కొందరు విచిత్రమైన మాట చెప్పారు: ఎరుపూ పచ్చా రెండూ ఒకేచోట, ఒకేసారి కనపడుతున్నాయని. నీలమూ పసుపూ పెట్టినా అంతే. మామూలు చూపుకి అది అసాధ్యం. ఎర్రటి నారింజ ఉంటుంది, ఎర్రటి ఊదా ఉంటుంది గాని, ఎర్రటి ఆకుపచ్చ ఉండదు. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే జంట అని హేరింగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలోనే చెప్పాడు. ఈ ప్రయోగం మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. 2001లో ఇంకో బృందం రెండు రంగుల వెలుగునీ సమానం చేసి మళ్ళీ చేస్తే, అలాంటి మాటలే వినపడ్డాయి.

"అయితే తాతయ్యా, రోజంతా ఏవో ఒకటి చూస్తూనే ఉంటాం కదా, గోడల మీద, మనుషుల మీద ఈ మచ్చలు ఎందుకు కనపడవు?" అని అడిగింది మనవరాలు. మంచి ప్రశ్న. దీనికి 1962లో నైజెల్ డా అనే ఆయన జవాబు వెతికాడు. రంగుల ఫొటోని తిరగేసిన రంగుల్లో, అంటే ఎరుపు ఉండాల్సిన చోట పచ్చ, పసుపు ఉండాల్సిన చోట నీలం పెట్టి చూపించండి. మధ్యలో చుక్క మీద చూపు నిలిపాక, అదే ఫొటోని నలుపు తెలుపుల్లో చూపించండి. నలుపు తెలుపు ఫొటో చక్కటి రంగులతో కళకళలాడుతుంది. చూపు చుక్క మీద నుంచి కదిపారా, రంగులన్నీ ఒక్కసారి ఎగిరిపోతాయి. మళ్ళీ చుక్క మీదికి తెచ్చారా, తిరిగొస్తాయి. కంట్లో ముద్ర పోలేదన్నమాట. ముద్ర అంచులు బొమ్మ అంచులతో సరిగ్గా కలిసినంతసేపే మెదడు దాన్ని రంగుగా ఒప్పుకుంటోంది. కలవకపోతే పక్కన పెట్టేస్తోంది. కళ్ళు గెంతుతూ ఉండడం వల్ల ఈ ముద్రలు దేనితోనూ కలవవు. అందుకే రోజంతా మచ్చలు లేకుండా బతుకుతున్నాం.

పూర్తిగా లేకుండా కాదు లెండి. చీరల దుకాణంలో అవి గట్టిగానే పని చేస్తాయి. ఈ మాట ముందుగా చెప్పినాయన పేరు షెవ్రల్. 1824లో పారిస్‌లో గోబ్లాన్ అనే రాచ నేతశాలలో అద్దకాల విభాగానికి అధిపతిగా చేరాడు. నల్లనూలు సరిగా నల్లగా లేదని ఫిర్యాదు వస్తే పరీక్షించి, తప్పు అద్దకంలో లేదని, పక్కన నేసిన రంగుల వల్ల నలుపు అలా కనపడుతోందని తేల్చాడు. దాని మీద పెద్ద పుస్తకం రాసి 1839లో వేశాడు. నూటరెండేళ్ళు బతికాడు ఆయన. ఆ పుస్తకంలో బట్టల వర్తకుల కోసం ఒక సలహా ఉంది. కొనేవాళ్ళకి ఒకేలాంటి ఎర్రబట్టలు 14 వరసగా చూపిస్తే, చివరి ఆరేడు మొదటివాటంత బాగాలేవంటారట, అన్నీ ఒకే సరుకైనా సరే. అప్పుడు వర్తకుడు మధ్యలో ఆకుపచ్చ బట్టలు చూపించాలి. కన్ను మామూలు స్థితికి వస్తుంది. పసుపు బట్టలు చాలాసేపు చూసినవాళ్ళకి ఎర్రబట్టలు చూపిస్తే ఊదా కలిసినట్టు కనపడతాయని కూడా రాశాడు.

మన దుకాణాల్లో ఏం జరుగుతుందో ఇప్పుడు గుర్తుచేసుకోండి. పెళ్ళి చీర కొనాలని నలుగురు ఆడవాళ్ళు తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటారు. "ఎరుపులోనే ఇంకా చూపించండి" అంటారు. ధర్మవరం, గద్వాల, ఉప్పాడ, ఒకదాని మీద ఒకటి గుట్టగా పడతాయి. చివరికి "ఇందాక మొదట చూసిన చీరే బాగుంది" అంటారు. ఆ మాటని తేలిగ్గా తీసుకోకండి. మొదటి చీరని చూసింది తాజా కన్ను. పదో చీరని చూసింది ఎరుపుకి అలవాటుపడిపోయిన కన్ను. కన్ను ఏ రంగు మీద నుంచి ఏ రంగు మీదికి గెంతిందన్నదాన్ని బట్టి రెండో రంగు మారుతుంది.

జాకెట్టు ముక్క కోసం మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళినప్పుడు అక్కడి పనివాళ్ళు చేసేది చూడండి. చీర కొంగుని తాను మీద వేసి, రెండింటి అంచులూ ఆనించి చూపిస్తారు. రంగుని గుర్తుపెట్టుకుని పోల్చడం మనకి సరిగా చేతకాదు. రెండింటినీ దూరంగా పెట్టి చూపుని అటూ ఇటూ తిప్పినా తేడా అంతగా పట్టుబడదు. అంచులు ఆనినప్పుడు, కన్ను చేసే చిన్న చిన్న గెంతులన్నీ ఆ గీత దాటుతూ పోతాయి. రవ్వంత తేడా ఉన్నా గీత కనపడుతుంది. గీత కనపడకపోతే రంగు కలిసినట్టే. ఆ తరవాత గుమ్మం బయటికి తెచ్చి పగటి వెలుతురులో కూడా ఒకసారి చూడడం మరీ మంచిది, ఎందుకంటే దీపం కింద కలిసిన రంగులు ఎండలో విడిపోవచ్చు.

ఆపరేషన్ గదిలో డాక్టర్లు పచ్చబట్టలో, నీలిబట్టలో వేసుకోవడంలో కూడా ఈ సూత్రం ఉంది. ఒకప్పుడు అన్నీ తెలుపే. గంటల తరబడి రక్తాన్ని చూసి తల తిప్పితే తెల్లబట్టల మీద పచ్చటి మచ్చలు తేలేవి. పచ్చబట్ట మీద ఆ ముద్ర కలిసిపోయి ఇబ్బంది పెట్టదు, పైగా కంటికి ఎరుపు మీద పదును తిరిగొస్తుంది.

ఇప్పుడు పెద్ద గెంతుల సంగతి. చెయ్యి బారుగా చాపి బొటనవేలి గోరు చూడండి. సుమారు ఆ గోరంత మేరలోనే మన కన్ను నిజంగా నిశితంగా చూసేది. రెటీనాలో ఆ చోటు పేరు ఫోవియా. కోన్‌లు అక్కడ కిక్కిరిసి ఉంటాయి. పక్కలకి పోయేకొద్దీ పలచబడతాయి, రంగు తెలివీ తగ్గుతుంది. స్నేహితుణ్ణి ఒక రంగు పెన్సిల్ మీ చెవి వెనక నుంచి నెమ్మదిగా ముందుకి తెమ్మనండి. మీరు మాత్రం ఎదురుగా చూస్తూ ఉండాలి. ఏదో కదులుతోందని ముందు తెలుస్తుంది, రంగేమిటో చాలాసేపటికి గాని తెలియదు.

ఫోవియా నట్టనడుమ ఇంకో వింత. అక్కడ నీలం చూసే కోన్‌లు అసలు లేవు. మన చూపులో ఆ ఖాళీ పట్టే మేర ఆకాశంలో పున్నమి చందమామ పట్టే మేర కన్నా చిన్నది. ఈ లోపాన్ని 1894లోనే ఆర్థర్ కోనిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పసిగట్టాడు. కాగితం మీద సన్నని నీలిచుక్క, సన్నని నల్లచుక్క పెట్టి, దూరంగా నిలబడి సూటిగా చూడండి, ఏది ఏదో చెప్పడం కష్టమవుతుంది. అయినా నీలాకాశాన్ని చూస్తే మధ్యలో బెజ్జం కనపడదు. కన్ను కదులుతూ చుట్టుపక్కల నుంచి నీలం తెస్తుంది, మెదడు ఆ నీలాన్ని ఖాళీలో పరుస్తుంది.

చూపు మధ్యలోనే రంగు బాగా తెలుస్తుందంటే, మనకి కనపడే రంగుల లోకం చాలావరకు గెంతుతూ గెంతుతూ కూడబెట్టుకున్నదే. 2020లో అమెరికాలో కోహెన్, బాచ్, రాబర్ట్‌సన్ దీన్ని పరీక్షించారు. కళ్ళకి తగిలించుకునే వర్చువల్ రియాలిటీ పెట్టెలో మనుషులు చుట్టూ తిరిగి చూస్తుంటే, వాళ్ళ చూపు ఎక్కడుందో కనిపెడుతూ, చూపు చుట్టూ ఒక వలయం వరకే రంగు ఉంచి మిగతాదంతా నలుపు తెలుపు చేశారు. దృశ్యంలో 5 శాతం కన్నా తక్కువ మేరకే రంగు మిగిలినప్పుడు కూడా దాదాపు మూడో వంతు మంది ఏ మార్పూ గమనించలేదు! తాము చూసేదంతా రంగుల్లోనే ఉందనుకున్నారు. ఎటు చూస్తే అటు రంగు ఉంది మరి.

గెంతుతున్న ఆ కొద్ది క్షణంలో బొమ్మంతా అలుక్కుపోవాలి కదా, మనకి తెలియదేం? అద్దం ముందు నిలబడి మీ ఎడమ కన్నుని, కుడి కన్నుని మార్చి మార్చి చూసుకోండి. మీ కళ్ళు కదలడం మీకు ఎంతకీ కనపడదు. పక్కనున్నవాళ్ళకి కనపడుతుంది. ఫోన్ సెల్ఫీ కెమెరాలో అయితే మీకూ కనపడవచ్చు, ఎందుకంటే అందులో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. గెంతే క్షణంలో మెదడు చూపుని అణిచివేస్తుంది. కాని 1994లో డేవిడ్ బర్, కొన్చెట్టా మొరోనే, జాన్ రాస్ ఒక ముచ్చటైన తేడా కనిపెట్టారు. వెలుగు హెచ్చుతగ్గులతో గీసిన లావు చారలు గెంతు సమయంలో కనపడకుండా పోతున్నాయి. ఒకే వెలుగులో రంగు తేడాతో మాత్రమే గీసిన చారలు మాత్రం నిక్షేపంగా కనపడుతున్నాయి. కదలికని పట్టే నాడీమార్గాన్నే మెదడు మూస్తోంది. రంగు తెచ్చే దారిని తెరిచే ఉంచుతోంది.

కంటి కదలిక దిక్కుకీ రంగుకీ కూడా లంకె పడుతుంది. 2006లో పారిస్‌లో అలీన్ బొంపా, కెవిన్ ఒరీగన్ అనేవాళ్ళు సగం నీలం, సగం పసుపు అద్దాలున్న కళ్ళజోళ్ళు పెట్టి చూశారు. ఒక పక్కకి చూస్తే లోకం నీలంగా, రెండో పక్కకి చూస్తే పసుపుగా ఉంటుంది. కళ్ళజోడు తీసేశాక కూడా, చూపు ఏ పక్కకి కదిలిందన్నదాన్ని బట్టి రంగు కొద్దిగా తేడాగా కనపడింది.

చివరగా ఈ మధ్య వార్త. 2025 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎవరూ చూడని రంగుని ఐదుగురికి చూపించారు. మామూలు కాంతి ఏదైనా సరే, మధ్యరకం కోన్‌లని ఒంటరిగా తట్టలేదు. పక్క రకాలని కూడా కదిపి తీరుతుంది. వీళ్ళు ఒక్కొక్కరి రెటీనాలో ఏ కోన్ ఏ రకమో ముందుగా పటం గీసుకున్నారు. తరవాత కన్ను కదిలే ప్రతి కదలికనీ వెంటాడుతూ, సన్నని లేజర్ కిరణాన్ని మధ్యరకం కోన్‌ల మీద మాత్రమే వేశారు. చూసినవాళ్ళు అంత గాఢమైన నీలిపచ్చని ఎన్నడూ చూడలేదన్నారు. దానికి ఓలో అని పేరు పెట్టారు. లోకంలో ఉన్న అతి గాఢమైన నీలిపచ్చ కాంతితో పోల్చాలంటే ఓలోలో తెలుపు కలిపి పలచన చేయాల్సి వచ్చింది. ఇక నాకు ఎంతో నచ్చిన సంగతి చెబుతాను. కంటి కదలికని వెంటాడే లెక్కని కావాలని చెడగొట్టి, కిరణాన్ని అటూ ఇటూ తొణికేట్టు చేస్తే ఓలో పోయి మామూలు లేజర్ పచ్చే కనపడింది. కంటి కదలికని వెంటాడడంలో వెంట్రుకవాసి తప్పినా ఆ రంగు లేదు.

ఇవన్నీ చదివాక పిల్లలు తప్పకుండా ఇంకా పెద్ద ముద్ర, ఇంకా గట్టి రంగు కావాలంటారు. పెద్దవాళ్ళు ఇక్కడ కొంచెం గట్టిగా ఉండాలి. న్యూటన్ కుర్రతనంలో అద్దంలో సూర్యుడి ప్రతిబింబం చూసి, కంట్లో పడ్డ ముద్ర వదలక కొన్ని రోజులు చీకటి గదిలో తలుపులు మూసుకుని ఉండాల్సి వచ్చింది. లైప్‌జిగ్‌లో ఫెక్నర్ అనే ప్రొఫెసరు చూపుముద్రల కోసమే రంగుటద్దాల్లోంచి సూర్యుణ్ణి చూసి చూసి, 1840 ప్రాంతంలో కళ్ళు పాడుచేసుకుని, ఉద్యోగం వదులుకుని, ఏళ్ళ తరబడి వెలుతురు చూడలేకపోయాడు. పైన చెప్పిన ప్రయోగాలన్నిటికీ కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలు. సూర్యుణ్ణి గాని, వెల్డింగ్ మంటని గాని, సంతలో అమ్మే లేజర్ లైటుని గాని పిల్లల్ని చూడనివ్వకండి. రంగుటద్దం అడ్డుపెట్టుకున్నా సరే, వద్దు.